గంటకు 20 నిమిషాలు

శ్రోతలకు నమస్కారం. ముందుగా ఒక చిన్న లెక్క చదువుతాను. కాగితం, పెన్ను తీసుకోవద్దు. ఉత్త చెవులతోనే వినండి. ఎక్స్ ప్లస్ ఒకటి బై రెండు. మళ్లీ చదువుతున్నాను. ఎక్స్ ప్లస్ ఒకటి బై రెండు. ఎక్స్ విలువ మూడు అనుకుంటే జవాబెంత?

కొందరికి రెండు వచ్చి ఉంటుంది. కొందరికి మూడున్నర. ఎవరూ తప్పు చేయలేదు. మూడుకు ఒకటి కలిపి, మొత్తాన్ని సగం చేస్తే రెండు. మూడుకు అర కలిపితే మూడున్నర. కాగితం మీద ఈ గొడవే ఉండదు. అడ్డగీత ఎక్స్ కింద నుంచి మొదలైందా, ఒకటి కింద మాత్రమే ఉందా అన్నది చూడగానే తెలిసిపోతుంది. చెవికి మాత్రం ఆ గీత వినిపించదు.

చూపు లేని విద్యార్థి పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడు ఆ గీతను కూడా ఎవరో ఒకరు చదివి చెప్పాలి. ప్రశ్న చదివి, చెప్పిన జవాబు రాసిపెట్టే ఆ మనిషినే స్క్రైబ్ అంటున్నాం. అలా రాసిపెట్టడానికి నేనూ కొన్నిసార్లు వెళ్లాను. రాయడమే కష్టమనుకుంటారు అందరూ. కాదండీ, చదవడం కష్టం.

ఒక్క ప్రశ్న ఎలా నడుస్తుందో చెబుతాను. స్క్రైబ్ ప్రశ్న మొత్తం చదువుతాడు. 'మళ్లీ చదవండి' అంటుంది విద్యార్థిని. చదువుతాడు. 'బ్రాకెట్ ఎక్కడ మూసుకుంది?' అని అడుగుతుంది. చెబుతాడు. ఇప్పుడు ఆ సమీకరణం మొత్తం ఆమె తలలో ఉండాలి. మొదటి మెట్టు తలలోనే చేసి, పైకి చెబుతుంది. అతను రాస్తాడు. రెండో మెట్టు చెబుతుంది. అతను రాస్తాడు. నాలుగో మెట్టు దగ్గర ఎక్కడో మైనస్ గుర్తు తేడాగా అనిపిస్తుంది. 'రెండో లైను ఒకసారి చదవండి' అంటుంది. అతను చదువుతాడు. ఆమె వింటుంది. చూపున్న విద్యార్థి ఏం చేస్తాడు? కళ్లు పైకెత్తి రెండో లైను చూస్తాడు. రెప్పపాటు పని. అదే పని ఇక్కడ అడగాలి, చదవాలి, వినాలి, గుర్తుపెట్టుకోవాలి. మళ్లీ అడగాలి, చదవాలి, వినాలి.

ఇది లెక్కల సంగతి. థియరీ పేపర్లో ఇంకో తంటా. విద్యార్థి తన స్క్రైబ్‌ను తానే తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018లో పెట్టిన నియమం. జవాబు స్క్రైబే చెప్పేస్తాడేమోనన్న అనుమానం. అర్థం చేసుకోదగ్గ అనుమానమే. దాని ఫలితం ఏమిటంటే, ఎకనామిక్స్ చదివే అమ్మాయి 'హెటెరోస్కెడాస్టిసిటీ' అనగానే స్క్రైబ్ కలం ఆగిపోతుంది. ఒక్కో అక్షరం చెప్పాలి. అదే మాట ఒక్క జవాబులో ఎన్నిసార్లు వస్తుందో ఆలోచించండి. ఇక ఆబ్జెక్టివ్ పరీక్షలో నాలుగు ఆప్షన్లూ ఒకే గొంతుతో చదవాలి. ఒకదాని దగ్గర గొంతు కాస్త ఒత్తి పలికినా జవాబు చెప్పేసినట్టే. ఈ ఒక్కటి నేర్చుకోవడానికే నాకు చాలా సాధన పట్టింది.

అందుకే గంటకు 20 నిమిషాలు. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్న మాట ఇది. స్క్రైబ్‌తో రాసేవాళ్లకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు ఒక గంట. 'అందరికీ మూడు గంటలైతే వాళ్లకు నాలుగా?' అని గొణిగేవాళ్లను నేను స్టాఫ్‌రూముల్లోనూ విన్నాను, హాస్టళ్లలోనూ విన్నాను. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఒక్క పేపరు స్క్రైబ్‌గా రాసి రండి. ఆ గంట ఎక్కడికి పోయిందో మీకే తెలుస్తుంది. నన్నడిగితే 20 నిమిషాలు చాలా పొదుపుగా వేసిన లెక్క, ముఖ్యంగా గణితానికి.

ఇదంతా చూపు లేనివాళ్ల సంగతే అనుకోకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ వంటి మార్పులు ఆ చట్టంలోనే పేరు పెట్టి ఉన్నాయి. బ్రెయిలీలో రాయడం, కంప్యూటర్ మీద రాయడం, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, ఇవన్నీ మార్గదర్శకాల్లో ఉన్నాయి. వాటి గురించి ఒక్కోటి చెప్పాలని ఉంది కానీ, నాకు అదనపు నిమిషాలు ఇచ్చేవాళ్లు ఇక్కడ లేరు.

రెండు తీర్పులు మాత్రం చెప్పి తీరాలి. రెండూ 2021లో సుప్రీంకోర్టు ఇచ్చినవే. మొదటిది ఫిబ్రవరిలో. ఎంబీబీఎస్ చదివిన యువకుడు సివిల్స్‌కు దరఖాస్తు పెట్టాడు. రాయబోతే చేయి బిగుసుకుపోయే జబ్బు, రైటర్స్ క్రాంప్. స్క్రైబ్ కావాలంటే, మా నిబంధనల్లో నువ్వు లేవంది ఆ పరీక్ష పెట్టే యూపీఎస్సీ. కోర్టు ఏమందంటే, కనీసం 40 శాతం వైకల్యం ఉండాలన్న గీత రిజర్వేషన్ల వంటి వాటికి గీసినది. రాయడం నిజంగా కష్టమైన మనిషికి స్క్రైబ్‌ను ఇవ్వకుండా ఆపడానికి కాదు. 2022 ఆగస్టులో కేంద్రం అలాంటివాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

రెండోది నవంబర్‌లో. డిస్‌గ్రాఫియా ఉన్న ఒక అమ్మాయి నీట్ రాసింది. చేతిరాత సరిగా సాగనివ్వని వైకల్యం అది. చట్టప్రకారం ఆమెకు ఒక గంట అదనం. సాయంత్రం అయిదవగానే అందరితో పాటు ఆమె దగ్గరా ఆన్సర్ షీట్ లాగేసుకున్నారు. పరీక్షా కేంద్రంలో ఉన్నవాళ్లకు ఆ నియమం సంగతే పట్టలేదు. ఆ అమ్మాయికి అన్యాయం జరిగిందని కోర్టు తేల్చింది. మళ్లీ పరీక్ష పెట్టమనలేదు గానీ, దీన్ని ఎలా సరిదిద్దుతారో వారంలో ఆలోచించి చెప్పమని నీట్ నిర్వహించే ఎన్‌టీఏను ఆదేశించింది. తీర్పు గొప్పదే. పోయిన ఆ గంట మాత్రం పోయినట్టే కదా.

అందుకని, వింటున్న విద్యార్థులకూ తల్లిదండ్రులకూ ఒక్క విషయం చెబుతాను. హక్కు పుస్తకంలో ఉంది. హాల్లో ఉన్న ఇన్విజిలేటర్‌కు అది తెలియకపోవచ్చు. ఉదయం తొమ్మిదిన్నరకు ఆయనకు చట్టం వివరించే ఓపిక ఎవరికుంటుంది? మీ చేతిలో కాగితం ఉండాలి.

పరీక్ష ఫీజు కట్టే రోజే కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ పేరు మీద, ప్రిన్సిపాల్ ద్వారా ఒక దరఖాస్తు ఇవ్వండి. 'తగిన సదుపాయం కల్పించగలరు' అని రాయకండి. ఏ పేపరుకు, ఎన్ని నిమిషాలు, స్క్రైబ్ కావాలా, కంప్యూటర్ కావాలా, స్పష్టంగా రాయండి. సదరం సర్టిఫికెట్ నకలు జత చేయండి. వైకల్యం 40 శాతం లోపే అయితే, మార్గదర్శకాల్లో ఉన్న నమూనాలో ప్రభుత్వ వైద్యుల సర్టిఫికెట్ తెచ్చుకోండి. స్క్రైబ్‌ను వాళ్లే ఇచ్చేట్టయితే పరీక్షకు రెండు రోజుల ముందు కలిసే అవకాశం అడగండి, అది కూడా 2018 మార్గదర్శకాల్లో ఉన్న మాటే. కలిసినప్పుడు మీ సబ్జెక్టులో ఒక పేజీ చదివించి చూడండి. కుదరకపోతే మార్చమనండి, మొహమాటపడకండి.

అనుమతి ఉత్తరం వచ్చాక రెండు నకళ్లు తీయించి, ఒకటి హాల్ టికెట్‌తో పాటు పెట్టుకోండి. రెండోది గంట కొట్టకముందే ఇన్విజిలేటర్ చేతికివ్వండి. దరఖాస్తు ఇచ్చిన రోజు మాత్రం, మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోకుండా ఆ కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి. నమస్కారం.