మచ్చలకు అతిమధురం సీరం: ఏం చేస్తుంది, లేబుల్‌లో ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో అతిమధురం వేరు గురించి మాట్లాడుకుందాం. సీరం బాటిళ్ల మీద లికోరైస్ రూట్ ఎక్స్‌ట్రాక్ట్ అనో, గ్లైసిరైజా గ్లాబ్రా అనో రాసి ఉంటుంది, అదే ఇది. కొన్ని నెలలుగా నేను రాత్రిపూట వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొటిమ తగ్గాక మిగిలిపోయే గోధుమరంగు మచ్చలకు, ఏది రాసినా మండే చర్మానికి ఇది నాకు బాగా నచ్చింది. తెల్లబడాలని కొంటుంటే మాత్రం దయచేసి కొనకండి. మీ సహజమైన రంగును ఇది మార్చదు. మార్చుకోవాల్సిన అవసరం కూడా లేదు, ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవ్వాలంటే టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి. ఎండ తగిలినా, మొటిమ గిల్లినా అక్కడి కణాలు రెచ్చిపోయి మెలనిన్‌ని అవసరానికి మించి తయారు చేస్తాయి. అతిమధురంలోని గ్లాబ్రిడిన్ అనే పదార్థం ఆ ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది. 1998లో వచ్చిన ఒక పరిశోధనలో గినీ పిగ్‌ల చర్మానికి 0.5 శాతం గ్లాబ్రిడిన్ పూస్తే, ఎండలో ఉండే యూవీబీ కిరణాల వల్ల వచ్చే నలుపు తగ్గింది. అది జంతువుల మీద చేసిన ప్రయోగం, మన ముఖం మీద సరిగ్గా అంతే ఫలితం వస్తుందని అనుకోకూడదు.

మచ్చల విషయంలో మనుషుల మీద చూసింది అతిమధురంలోనే ఉండే లిక్విరిటిన్ అనే ఇంకో పదార్థాన్ని. ఇది అప్పటికే పేరుకున్న మెలనిన్‌ని చెదరగొడుతుంది. మంగు మచ్చలున్న 20 మంది మహిళలకు ముఖంలో ఒక వైపు లిక్విరిటిన్ క్రీమ్, రెండో వైపు మందు లేని ఉత్త క్రీమ్ 4 వారాలు రాయించారు. లిక్విరిటిన్ రాసిన వైపు చాలామందికి మచ్చ బాగా తగ్గింది. 2000లో వచ్చిన అధ్యయనం ఇది, చిన్నదే కానీ ఆశ కలిగించేది.

నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది మూడోది, గ్లైసిరైజిన్. వేరుకి తీపినిచ్చేది ఇదే. ఎర్రదనాన్ని, వాపుని తగ్గించే గుణం దీనికి ఉంది. 2003లో ఎగ్జిమా ఉన్నవాళ్ల మీద 2 శాతం అతిమధురం జెల్ రెండు వారాలు వాడి చూస్తే ఎర్రదనం, వాపు, దురద తగ్గాయి. మొటిమ మచ్చకి మూలం లోపలి వాపే కదా. దాన్ని వదిలేసి ఘాటైన క్రీములతో మచ్చ మీద పడితే చర్మం మళ్లీ రేగుతుంది, అక్కడే ఇంకో మచ్చ వస్తుంది. అతిమధురంతో ఆ గొడవ చాలా తక్కువ.

ఇప్పుడు లేబుల్ సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. గ్లాబ్రిడిన్ నీళ్లలో కరగదు, పైగా వేరులో ఉండేదే చాలా కొంచెం. అందుకే నీళ్లతో తీసిన ఎక్స్‌ట్రాక్ట్‌లో గ్లైసిరైజిన్ బాగానే వస్తుంది, గ్లాబ్రిడిన్ దాదాపు రాదు. డైపొటాషియం గ్లైసిరైజేట్ అని ఉంటే అది గ్లైసిరైజిన్ నుంచి చేసినది. ఎర్రదనానికి మంచిదే, మచ్చల కోసం దాని మీదే ఆశ పెట్టుకోకండి. మీకు మచ్చలే సమస్య అయితే గ్లాబ్రిడిన్ ఎంత శాతం ఉందో కంపెనీ చెప్పిందా లేదా చూడండి. అది చాలా తక్కువ మోతాదులోనే వాడతారు, 1 శాతం లోపున్న పదార్థాలను లేబుల్‌లో ఏ వరుసలోనైనా రాయొచ్చు. కాబట్టి పేరు కింద ఉన్నంత మాత్రాన పనికిరాదని అనుకోవద్దు. సీరం కొద్దిగా పసుపుగానో గోధుమరంగుగానో ఉన్నా కంగారు పడకండి, ఆ వేరు రంగే అంత.

పొడి కొని నీళ్లలో కలిపి పూసుకోవచ్చా అంటే, పైన చెప్పిన కారణమే. మచ్చకు కావాల్సిన గ్లాబ్రిడిన్ ఆ నీళ్లలోకి దిగదు. దాంట్లో నిమ్మరసం అసలు కలపకండి, చర్మం మండుతుంది.

నేను వాడే పద్ధతి సింపుల్. ముఖం కడుక్కుని, కొద్దిగా సీరం, దాని మీద మాయిశ్చరైజర్. నియాసినమైడ్‌తో, అంటే విటమిన్ బి3లో ఒక రకంతో, కలిపి వాడుకోవచ్చు. అది తయారైన మెలనిన్ పై కణాల్లోకి చేరకుండా ఆపుతుంది, ఇది తయారీనే తగ్గిస్తుంది, రెండూ కలిస్తే బాగుంటుంది. పొద్దున్న ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువున్న సన్‌స్క్రీన్ తప్పనిసరి. అది రాయకపోతే ఈ సీరం కొనడమే దండగ. తేడా కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. నాకు కొత్త మచ్చలు ముందు తగ్గాయి, పాతవి బాగా మొండికేశాయి. ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోటోలు తీసుకుంటూ ఉండండి, అద్దంలో రోజూ చూస్తే తేడా తెలియదు.

మొదటిసారి వాడేవాళ్లు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి రెండు మూడు రోజులు గమనించండి. పూసుకుంటే మంచిదే కదా అని అతిమధురం మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టొద్దు. లోపలికి ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరగొచ్చు, పొటాషియం పడిపోవచ్చు. వారంలో తెల్లబడతారు అనే క్రీముల జోలికి వెళ్లకండి, కొన్నిటిలో స్టెరాయిడ్లు, పాదరసం ఉంటాయి.

మంగు లోతుగా ఉంటే ఇది ఒక్కటే సరిపోదు, స్కిన్ డాక్టర్‌ని కలవండి. ఏదైనా మచ్చ ఆకారం మారుతున్నా, పెరుగుతున్నా, దాన్నుంచి రక్తం వస్తున్నా ఏ సీరమూ రాయకుండా వెంటనే డాక్టర్‌కి చూపించండి.