ఎలకలకు మందు పెట్టే ఉద్యోగం

హాయ్ అండీ, బాగున్నారా? ఆదివారం పొద్దున ఆరున్నర, బోస్టన్‌లో మైనస్ ఎనిమిది. కారు అద్దం మీద మంచు గీకుతున్నాను, చూస్తున్నారుగా. మా ఎలకలకు ఆదివారం సెలవు లేదు, అందుకని నాకూ లేదు.

మొన్న గుంటూరులో మా పెద్దమ్మ ఎవరితోనో "మా పిల్ల అమెరికాలో ఎలకలకు మందు పెడుతుంది" అందట. అబద్ధమేం కాదు గానీ, వినడానికి వేరేలా ఉంది కదా!

మా ల్యాబ్ లోపలికి ఫోన్ తేనివ్వరు. అందుకే పార్కింగ్‌లోనే చెప్పేస్తాను. ఇవి చిట్టెలుకలు, ఒక్కోటి పాతిక గ్రాములు ఉంటుంది. వీటిలో కొన్నింటికి ఒక జీన్, అంటే ఒక ప్రొటీన్ తయారీకి కావాల్సిన సూచన, లేకుండా చేశారు. ఎందుకు? మందు నిజంగా ఆ ప్రొటీన్ మీదే పనిచేస్తోందా అని చూడటానికి. పప్పులో పులుపు గోంగూరదే అని మీరంటారు. సరే, గోంగూర వేయకుండా వండండి. అయినా పుల్లగానే ఉంటే? అందులో టమాటానో, చింతపండో పడిందన్నమాట.

క్యాన్సర్ మందుల్లో ఇలా నిజంగానే జరిగింది. ఓటీఎస్964 అనే మందు పీబీకే అనే ప్రొటీన్‌ను ఆపుతుందని అనుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబ్ వాళ్లు జీన్లను కత్తిరించే క్రిస్పర్ అనే పద్ధతితో క్యాన్సర్ కణాల్లో ఆ ప్రొటీన్ జీన్‌ను తీసేశారు. కణాలు మామూలుగానే పెరిగాయి, మందు వేస్తే మామూలుగానే చచ్చాయి. అసలు దెబ్బ సీడీకే11 అనే వేరే ప్రొటీన్ మీద పడుతోందని 2019లో తేల్చారు. క్యాన్సర్ మందుకే ఇలా అయితే!

కణాలకు ఆకలి, చిక్కిపోవడం ఉండవు కదా, అందుకే చిట్టెలుకలు. ఆ ప్రొటీన్ అసలు లేని చిట్టెలుక కూడా మందు పడగానే చిక్కిపోయిందంటే, ఆ సైడ్ ఎఫెక్ట్ ఆ ప్రొటీన్‌ను ఆపినందువల్ల వచ్చింది కాదు. కొన్ని జీన్లు తీసేస్తే ఆ పిల్లలు పుట్టకముందే చనిపోతాయి. అలాంటప్పుడు పెద్దయ్యాక ఆ జీన్ ఆగిపోయేలా ముందే ఏర్పాటు చేసి, సమయం వచ్చినప్పుడు దాన్ని ఆపడానికి టమాక్సిఫెన్ అనే మందు ఇస్తారు. అవును, రొమ్ము క్యాన్సర్‌కు వాడే ఆ టమాక్సిఫెనే!

…వచ్చేశానండీ, మధ్యాహ్నమైంది. నాలుగో బోనులోవి నిన్నటి కంటే కొంచెం బరువు తగ్గాయి. వాటికి జీన్ ఉందో లేదో, మందు పడిందో ఉత్త ద్రావణం పడిందో నాకు తెలియనివ్వరు. బోను నంబరు, బరువు రాయడం, అంతే. ఏ బోనులో ఏవి ఉన్నాయో చెప్పే కోడ్ శుక్రవారం విప్పుతారు. టెన్షన్‌గానే ఉంది.

ఇంట్లో ఫ్రోజెన్ గోంగూరతో పప్పు చేశాను. పులుపు చాల్లేదని మా ఆయన పైన నిమ్మకాయ పిండేశారు. ఇంక ఆ పులుపు దేనిదని చెప్పను!