కుడికి పోతోందని ఎడమకి గురిపెడితే

శ్రోతలకు నమస్కారం.

గోల్ఫ్ కర్ర ఎప్పుడూ పట్టనివాళ్లు కూడా రేడియో కట్టేయకండి. ఈరోజు చెప్పబోయేది వంకర పోయే బంతి సంగతి. గోళీలాడినవాళ్లకి, బిళ్లంగోడు ఆడినవాళ్లకి, కారమ్స్ బోర్డు ముందు కూర్చున్నవాళ్లకి ఇందులో చాలామటుకు అర్థమైపోతుంది.

గోల్ఫ్‌లో మొదటి దెబ్బ టీ మీంచి కొడతారు. తాగే టీ కాదు. బంతిని నేల మీంచి కాస్త ఎత్తులో నిలబెట్టే చిన్న మేకుని టీ అంటారు. దూరం పోవాలంటే ఆ దెబ్బకి డ్రైవర్ అనే పొడుగాటి కర్ర తీసుకుంటారు. దాదాపు 45 అంగుళాల పొడవు, చివర మన గుప్పిటకన్నా పెద్ద తల. దీంతో కొత్తవాళ్లు కొడితే ఎక్కువమందికి ఒకటే జరుగుతుంది. బంతి బాగానే బయల్దేరుతుంది. చూసేవాళ్లు "ఆహా" అనబోతారు. నూరు గజాలు దాటాక, ఇంట్లో ఏదో మర్చిపోయినవాడిలా అది కుడివైపుకి తిరుగుతుంది. తిరుగుతూ తిరుగుతూ చెట్లలోకో చెరువులోకో ప్రహరీ అవతలికో పోతుంది. దీని పేరు స్లైస్. దీనికి ఎదురు జబ్బు హుక్. అది ఎడమకి తిరుగుతుంది, తక్కువ ఎత్తులో దూసుకుపోతుంది, కిందపడ్డాక కూడా ఆగకుండా దొర్లుతుంది. ఇదంతా కుడిచేతి వాటం వాళ్ల లెక్క. ఎడమచేతి వాటం శ్రోతలు కుడి అన్నచోట ఎడమ అనుకోవాలి. ఈ దేశంలో అన్ని విషయాల్లోనూ వాళ్లకి అలవాటైన పనే కదా.

నాకు రెండూ ఉండేవి. ఒకే ఉదయం, ఒకే కర్రతో. నాలుగు బంతులు కుడికి, ఐదోది ఎడమకి. కుడికి పోతే కనీసం ఎటు వెతకాలో తెలుస్తుంది. రెండు వైపులా పోతే నిలబడి ఏ వైపు గురిపెట్టాలో కూడా తెలియదు.

నేను ఆడేది హైదరాబాదులో. గోల్కొండ కోటలో నయాఖిలా వైపు వెళ్లి, అక్కడున్న వందల ఏళ్లనాటి బాబాబ్ చెట్టు చూసినవాళ్లు ఆ పక్కనే పచ్చగా గోల్ఫ్ కోర్సు కూడా చూసి ఉంటారు. నా కథ జరిగింది మాత్రం ఊరి చివర, డబ్బులు కట్టి బుట్టెడు బంతులు కొట్టుకునే రేంజ్‌లో. బంతి కుడికి పోతోంది కదా అని నేను కాళ్లు, భుజాలు కొంచెం ఎడమకి తిప్పి నిలబడటం మొదలుపెట్టాను. ఎవరైనా చేసే పనే. కారమ్స్‌లో స్ట్రైకర్ కుడికి పోతోందంటే కాస్త ఎడమకి గురిపెడతాం కదా. వారం తర్వాత బంతి ఇంకా ఎక్కువ కుడికి తిరగడం మొదలైంది. ఇంకొంచెం ఎడమకి తిరిగాను. అది ఇంకా కుడికి. ఒకరోజు నా వెనక నిలబడి చూస్తున్న కేడీ, అంటే ఆటగాళ్ల కర్రలు మోసి సాయం చేసేవాడు, అరవై దాటిన మనిషి, మెల్లిగా అడిగాడు: "సార్, జెండా ఎక్కడున్నది? మీ భుజం ఎక్కడికి చూస్తున్నది?"

భుజం మీద అడ్డంగా కర్ర పెట్టుకుని చూశాను. అది గురి కోసం దూరంగా పాతిన జెండా వైపు కాదు, ఎడమ పక్కనున్న పార్కింగ్ వైపు చూస్తోంది.

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం కిటుకు ఇందులోనే ఉంది. కర్ర తల బంతిని తాకేటప్పుడు రెండు విషయాలు చూడాలి. ఒకటి, తల ముందుభాగం, అంటే ఫేస్, ఎటు చూస్తోంది. రెండు, తల ఏ దారిలో వస్తోంది. ఇవి రెండూ ఒకటి కాదు. చీపురు పట్టుకుని ఊడ్చేటప్పుడు చెయ్యి ఒకవైపు కదులుతుంది, చీపురు మొన ఇంకోవైపు తిరిగి ఉంటుంది చూడండి, అలాగ. డ్రైవర్ దెబ్బలో బంతి ఎటు బయల్దేరుతుందో ఎక్కువగా ఫేస్ నిర్ణయిస్తుంది, నూటికి ఎనభై పాళ్ల పైనే. తర్వాత గాలిలో ఎటు తిరుగుతుందన్నది ఫేస్‌కి, దారికి మధ్య తేడా మీద ఉంటుంది. దారితో పోలిస్తే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే స్లైస్. ఎడమకి మూసుకుని ఉంటే హుక్.

చాలా ఏళ్ల పాటు దీన్ని తిరగేసి నేర్పారు. బంతి దారి ప్రకారం బయల్దేరి ఫేస్ చూసిన చోటికి చేరుతుందని పుస్తకాల్లోనూ రాశారు, మైదానాల్లోనూ చెప్పారు. 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మ్యాన్ లాంటి, బంతి పోకడని కొలిచే రాడార్ యంత్రాలు రేంజ్‌లలోకి వచ్చాక ఆ మాట నిలవలేదు.

బంతి అసలు ఎందుకు తిరుగుతుంది? బంతి కర్రని తాకి ఉండేది సెకనులో రెండువేలవ వంతు. మనం ఒకసారి రెప్ప వాల్చి ఎత్తేలోపు అలాంటి తాకిళ్లు రెండొందలు జరిగిపోవచ్చు. అంతలోనే 46 గ్రాముల లోపు ఉండే బంతి నొక్కుకుపోయి, గిర్రున వెనక్కి తిరుగుతూ బయటపడుతుంది. ఆ వెనక తిరుగుడే దాన్ని గాలిలో నిలబెడుతుంది. ఈ విషయాన్ని 1890లలో తేల్చి చెప్పిన వాళ్లలో ఎడిన్‌బరో ప్రొఫెసర్ పీటర్ టేట్ ఒకరు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టేట్ 1896లోనూ, 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ చాంపియన్. తండ్రికి లెక్కలు, కొడుక్కి కప్పులు. ఫేస్, దారి ఒకదానికొకటి తేడాగా ఉంటే ఆ తిరుగుడు ఒక పక్కకి వాలుతుంది. విమానం మలుపు తీసుకునేటప్పుడు రెక్క వాల్చినట్టు. అప్పుడు బంతి పైకి లేస్తూనే పక్కకి కూడా జారుతుంది. డ్రైవర్ ఫేస్‌కి వాలు తక్కువ, పది డిగ్రీల చుట్టుపక్కల. అందుకే చిన్న కర్రతో ఏమంత కనపడని తేడా డ్రైవర్‌తో కొడితే ఊరంతా కనపడుతుంది.

ఇప్పుడు నా భుజం సంగతికి వద్దాం. భుజాలు ఎడమకి తిప్పి నిలబడితే కర్ర కూడా ఆ భుజాల వెంటే బయటినుంచి లోపలికి, కుడినుంచి ఎడమకి వస్తుంది. కానీ చేతులకి జెండా ఎక్కడుందో తెలుసు కదా, అవి ఫేస్‌ని జెండా వైపే ఉంచుతాయి. దారి ఎడమకి, ఫేస్ జెండాకి. తేడా పెరిగింది. స్లైస్ పెరిగింది. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు, నేను తిరిగిన కొద్దీ వడ్డీ పెరిగింది.

మరి ఐదోసారి హుక్ ఎందుకు? అక్కడే నాకు చాలాకాలం అర్థం కాలేదు. నాలుగు స్లైస్‌లు కొట్టినవాడు ఐదోసారి చేతులతో బతిమాలతాడు. మణికట్టు ఠక్కున తిప్పి ఫేస్ మూసేస్తాడు. సమయం కుదిరితే బంతి బ్రహ్మాండంగా పోతుంది, పక్కవాళ్లు చప్పట్లు కొడతారు. సమయం కొంచెం ముందైతే హుక్. అంటే స్లైస్, హుక్ రెండు జబ్బులు కావు. ఒకటి జబ్బు, రెండోది సొంత వైద్యం.

మరి చేయాల్సింది ఏమిటి? కోచ్‌లు ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. నాకు పనికొచ్చినవి చెబుతాను.

మొదటిది, డ్రెస్సింగ్ టేబుల్ మీదుండే టాల్కం పౌడరు. డ్రైవర్ ఫేస్ మీద పల్చగా రుద్ది ఓ బంతి కొట్టండి. బంతి తాకినచోట గుండ్రంగా మచ్చ పడుతుంది. నేను పది బంతులు కొట్టి చూస్తే ఎక్కువ మచ్చలు మడమ వైపు, అంటే కర్ర కాడ తలని కలిసే వైపు ఉన్నాయి. అక్కడ తగిలితే తల ఒకవైపు మెలితిరుగుతుంది. రెండు పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి తిప్పినట్టు బంతి ఎదురువైపు తిరుగుతుంది. మడమ వైపు తగిలితే స్లైస్ తిరుగుడు, అటు చివర తగిలితే హుక్ తిరుగుడు. కర్రలు చేసేవాళ్లకి ఇది తెలిసే డ్రైవర్ ఫేస్‌ని బల్లపరుపుగా కాకుండా కొంచెం ఉబ్బుగా చేస్తారు. నా చేతుల పాపం అనుకున్నదాంట్లో సగం బంతికి మరీ దగ్గరగా నిలబడటం. అరడుగు వెనక్కి జరిగాను. డబ్బులేమీ ఖర్చు కాలేదు, పౌడరు డబ్బా ఎక్కడికి పోయిందని ఇంట్లో అడిగేదాకా.

రెండోది గ్రిప్, అంటే కర్ర పట్టుకునే తీరు. ఎడమచేతి గ్లోవ్ విప్పి చూడండి. అరచేతి కింది భాగంలో, మణికట్టుకి దగ్గర అరిగి చిల్లు పడిందంటే కర్ర వేళ్లలో కాకుండా అరచేతిలో పడి ఉందనుకోవచ్చు. అలా పట్టుకుంటే ఫేస్ మూసుకోవడం కష్టం. కర్రని వేళ్ల మొదట్లో ఆనించి, ఎడమచెయ్యిని కుడివైపుకి కొంచెం తిప్పి, కిందికి చూస్తే రెండు మూడు కణుపులు కనపడేలా పట్టుకోండి. హుక్ పోయేవాళ్లు దీనికి ఎదురు చేయాలి. అమెరికా గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ అంతటివాడు తొలి రోజుల్లో హుక్‌తో నానా అవస్థలు పడి, ఎడమచెయ్యిని ఎడమకి జరుపుకున్నాకే ఒడ్డున పడ్డాడు. ఎంత గట్టిగా పట్టుకోవాలంటారా? చిన్నపిల్లాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినంత. జారిపోకూడదు, నొప్పి పుట్టకూడదు. టెన్షన్ పడితే ముందు బిగుసుకునేది ముంజేతులే, అవి బిగిస్తే ఫేస్ తెరుచుకునే ఉండిపోతుంది.

మూడోది గురి. గొడుగు మడిచి పాదాల ముందు నేల మీద పెట్టండి, వెనక్కి వెళ్లి అది ఎటు చూస్తోందో చూడండి. బంతి ఎడమ మడమకి సూటిగా ఉండాలి. మరీ ముందుకి పెడితే దాన్ని అందుకోవడానికి భుజాలు తెరుచుకుంటాయి, మళ్లీ పార్కింగ్ వైపే.

దారి సరిచేసుకోవడానికి కర్ర తలకి తొడిగే తొడుగుని బంతికి అవతలివైపు, జానెడు దూరంలో, కొంచెం వెనగ్గా పెట్టి సగం వేగంతో కొట్టండి. బయటినుంచి వస్తే తొడుగు ఎగిరిపోతుంది. సగం వేగమే. నేను మొదటిరోజు పూర్తి వేగంతో కొట్టి దాన్ని పక్క మనిషి బుట్టలో వేశాను.

ఇవన్నీ ఒకేరోజు చేయకండి. ముందు ఫేస్ సంగతి చూడండి. బంతి బయల్దేరడమే కుడికైతే ఫేస్ తెరుచుకుని ఉంది. నేరుగానో ఎడమకో బయల్దేరి తర్వాత కుడికి తిరిగితే దారిలో దోషం ఉంది. లెక్క కావాలంటే చూడండి, ఫేస్ ఒక్క డిగ్రీ తప్పితే 230 గజాల దూరంలో నాలుగు గజాలు పక్కన పడుతుంది. ఐదు డిగ్రీలకి ఇరవై గజాలు, గాలిలో తిరిగేది కలపకుండానే.

మైదానంలో ఉన్నప్పుడు మాత్రం వైద్యం పనికిరాదు. బంతి మనుషులున్న వైపు తిరిగిందంటే మొహమాటపడకుండా "ఫోర్" అని అరవాలి. హద్దు దాటిందన్న అనుమానం ఉంటే వెతకడానికి బయల్దేరకముందే ప్రొవిజనల్ బాల్, అంటే మొదటిది దొరక్కపోతే పనికొచ్చే బంతి, ఆడతానని చెప్పి ఇంకోటి కొట్టడం మంచిది. వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే. అంతకుముందు ఐదు ఉండేవి. నాలాంటివాళ్లకి ఆ రెండు నిమిషాలు చాలా పెద్ద నష్టం.

పెద్దవాళ్లకీ తప్పదు. సాహిత్ తీగల పేరు మీరు వినే ఉంటారు. అమెరికాలో పుట్టి పెరిగిన గోల్ఫ్ ఆటగాడు, అమ్మానాన్నలది హైదరాబాద్. 2022 ఫీనిక్స్ ఓపెన్ చివరిరోజు ఆధిక్యం కోసం పోరాడుతూ 17వ హోల్‌లో కొట్టిన డ్రైవ్ ఎడమవైపు నీళ్లలోకి పోయింది. గెలుపు చేజారింది. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌లో పీజీఏ టూర్‌లో, అంటే అమెరికాలో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీల వరుసలో, తన మొదటి టైటిల్ గెలిచాడు. ఆ నీళ్లలో పడ్డ బంతి టీవీలో చూసినప్పుడు నేను చాలా బాధపడ్డాను. నిజం చెప్పాలంటే, కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

నా బంతి ఇప్పటికీ కొంచెం కుడికే తిరుగుతుంది. పది గజాలు. కావాలని అంత తిప్పితే దాన్ని ఫేడ్ అంటారు, గొప్ప ఆటగాళ్లు కొట్టే దెబ్బ. నేనూ ఫేడ్ అనే చెప్పుకుంటున్నాను. ఆ కేడీ పెద్దాయన మాత్రం ఇంకా "స్లైసే సార్" అంటాడు.

నమస్కారం.