డ్రాగన్ పేర్లు: చూసేది, చుట్టుకునేది, అడ్డుపడేది

హోస్ట్: నమస్కారం. ఇవాళ్టి ఎపిసోడ్ డ్రాగన్ పేర్ల మీద. అక్కా, డ్రాగన్ అనగానే అందరికీ నిప్పులు కక్కడమే గుర్తొస్తుంది. అసలు ఆ మాటలో నిప్పు ఉందా?

గెస్ట్: లేదు. రెక్కలు కూడా లేవు. గ్రీకులో డ్రాకోన్, లాటిన్‌లో డ్రాకో, అక్కణ్ణుంచి డ్రాగన్. డ్రాకోన్ అంటే పెద్ద పాము. దాన్ని డెర్కొమాయ్ అనే క్రియతో ముడిపెడతారు. తేరిపార చూడటం అని అర్థం. పాముకి కనురెప్పలు ఆడవు కదా, ఆ చూపుని బట్టి వచ్చిన పేరని చెబుతారు. ఆ క్రియకి సంస్కృతంలో తోబుట్టువు ఉంది, దృశ్ ధాతువు. మనం రోజూ వాడే దృష్టి, దృశ్యం, దర్శనం అందులోంచి పుట్టినవే.

హోస్ట్: అయితే డ్రాగన్, దృష్టి, రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయన్నమాట!

గెస్ట్: అవును. అందుకే పాత డ్రాగన్ పేరు ఏది దొరికినా నేను ముందు అందులో క్రియ ఏముందో వెతుకుతాను. ఆ పాము ఏం చేస్తుందో పేరే చెప్పేస్తుంది. వృత్రుణ్ణి తీసుకో. వృ అంటే కప్పడం, అడ్డుపడటం. ఆవరణ, నివారణ అన్న మాటల్లో ఉన్నదీ అదే ధాతువు. ఋగ్వేదం మొదటి మండలం 32వ సూక్తంలో వృత్రుడు నీళ్ళకి అడ్డంగా పడుకుంటాడు, ఇంద్రుడు అతన్ని చంపి నీళ్ళు వదులుతాడు. కథంతా ఆ రెండక్షరాల పేరులోనే ఉంది.

హోస్ట్: ఆ సూక్తంలోనే అతన్ని అహి అని కూడా అంటారు కదా?

గెస్ట్: అంటారు. అహి అంటే పాము. ప్రాచీన ఇరాన్‌కి చెందిన అవెస్తా భాషలో అదే మాట అజి. అక్కడ అజి దహాక అని మూడు తలల రాక్షసుడున్నాడు. ఆ పేరే తర్వాత పారశీకంలో అజ్‌దహా అయి, డ్రాగన్‌కి మామూలు మాటగా స్థిరపడింది. ఇక్కడే చాలామంది జారిపడతారు. అజ్‌దహా, అజగరం వినడానికి దగ్గరగా ఉన్నాయని రెండింటినీ ఒకటి చేస్తారు. అజగరంలో ఉన్న అజం మేక. మేకను మింగేది కాబట్టి అజగరం. రెండింటికీ చుట్టరికం లేదు.

హోస్ట్: శబ్దం కలిసిందని అర్థం కలపకూడదు.

గెస్ట్: అసలు కలపకూడదు. పేరు ఏ భాషదో ముందు తేల్చాలి, ఆ భాష లిపిలో ఎలా రాస్తారో చూడాలి, ఆ తర్వాతే ధాతువు జోలికి వెళ్ళాలి. హీబ్రూ బైబిల్లో లెవియాథన్ అనే సముద్ర సర్పం ఉంది, ఆ పేరుని మెలితిరగడం అనే ధాతువుతో ముడిపెడతారు. పాత నార్స్‌లో, అంటే స్కాండినేవియా ప్రాచీన భాషలో, ఫాఫ్నిర్ అనే డ్రాగన్ ఉన్నాడు, కావలించుకునేవాడు అని అర్థం. బంగారపు రాశిని చుట్టుకుని పడుకునేవాడికి అంతకంటే సరిపోయే పేరు లేదు. గ్రీసులోని డెల్ఫీలో అపోలో దేవుడు చంపిన పైథాన్ అనే పాముకి గ్రీకులే కుళ్ళడం అనే క్రియ నుంచి అర్థం చెప్పారు, దాని శవం అక్కడే కుళ్ళిందని.

హోస్ట్: మరి డ్రాక్యులా? కొన్నిచోట్ల డ్రాగన్ కొడుకు అంటారు, కొన్నిచోట్ల దయ్యం కొడుకు అంటారు.

గెస్ట్: రెండూ ఎందుకు వచ్చాయో చూడు. ఇప్పటి రొమేనియాలో భాగమైన వలాకియాకి పాలకుడు వ్లాడ్ 1431లో ఆర్డర్ ఆఫ్ ద డ్రాగన్ అనే వీరుల సంఘంలో చేరాడు. దాంతో అతనికి డ్రాకుల్ అని పేరొచ్చింది, కొడుకు డ్రాక్యులా అయ్యాడు. ఇప్పటి రొమేనియన్‌లో డ్రాక్ అంటే దయ్యం. ఇవాళ్టి నిఘంటువు పట్టుకుని 15వ శతాబ్దపు పేరుకి అర్థం చెబితే రెండో జవాబు వస్తుంది. అందుకని భాష ఒక్కటే చాలదు, కాలం కూడా చూడాలి.

హోస్ట్: ఈ కాలంలో కల్పించిన పేర్లలోనూ క్రియ ఉంటుందా?

గెస్ట్: భాష తెలిసిన రచయిత పెడితే ఉంటుంది. 1937 నాటి టోల్కీన్ నవల హాబిట్‌లో డ్రాగన్ పేరు స్మాగ్. ఇరుకు కంతలోంచి దూరడం అనే ప్రాచీన జర్మానిక్ క్రియకి అది భూతకాల రూపమని టోల్కీనే రాశాడు. తర్వాత పద్ధతులు మారాయి. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లోని డ్రోగాన్ అనేది డ్రోగో అనే మనిషి పేరు మీద పెట్టింది. పోకెమాన్‌లోని చారిజార్డ్ ఇంగ్లీషులో కాలడం, బల్లి అనే రెండు మాటల అతుకు. ఇలాంటివాటికి ప్రాచీన అర్థం వెతకడం దండగ. నాకు బాగా నచ్చిన ఆధునిక పేరు ర్యూగూ. అది ఒక చిన్న గ్రహశకలం. ర్యూ అంటే డ్రాగన్, గూ అంటే రాజభవనం. జపాన్ జానపద కథలో ఒక జాలరి సముద్రం అడుగున ఉన్న ఆ భవనం నుంచి మూసిన పెట్టె తెచ్చుకుంటాడు. జపాన్ అంతరిక్ష నౌక హయాబుసా-2 2020 డిసెంబరులో ఆ గ్రహశకలం నుంచి 5.4 గ్రాముల మట్టిని మూసిన డబ్బాలో తెచ్చింది.

హోస్ట్: ఎంత చక్కగా కుదిరింది! సరే, ఎలాగూ ఆకాశంలోకి వచ్చాం. రాహుకేతువులకీ డ్రాగన్‌కీ సంబంధం ఏంటి?

గెస్ట్: చంద్రుడి దారి సూర్యుడి దారిని రెండు చోట్ల కోస్తుంది. మనం వాటిని రాహువు, కేతువు అన్నాం. యూరప్ జ్యోతిష గ్రంథాల్లో వాటి పేర్లు డ్రాగన్ తల, డ్రాగన్ తోక. గ్రహణం పట్టేది ఆ బిందువుల దగ్గరే, అందుకే మింగే పాము అక్కడుందన్నారు. ఇప్పటికీ ఖగోళశాస్త్రంలో డ్రాకోనిక్ మాసం అనే లెక్క వాడతారు. చంద్రుడు రాహువు దగ్గర బయల్దేరి మళ్ళీ రాహువును చేరడానికి పట్టే కాలం, 27.2122 రోజులు. ఒక నక్షత్రం దగ్గర బయల్దేరి అక్కడికే రావడానికి 27.3217 రోజులు.

హోస్ట్: దాదాపు రెండు గంటల నలభై నిమిషాలు ముందే చేరుతున్నాడు.

గెస్ట్: ఎందుకంటే రాహువు ఎదురొస్తున్నాడు. ఆ బిందువులు వెనక్కి నడుస్తూ 18.6 ఏళ్ళకి ఒక చుట్టు పూర్తిచేస్తాయి. 242 డ్రాకోనిక్ మాసాలు, 223 అమావాస్యల వ్యవధి దాదాపు సమానం, సుమారు 6,585 రోజులు. అందుకే 18 ఏళ్ళ 11 రోజులకి అదే తీరు గ్రహణం మళ్ళీ వస్తుంది. ఈ బిందువులకీ డ్రాకో అనే నక్షత్ర మండలానికీ సంబంధం లేదు, అది ఉత్తర ధ్రువం చుట్టూ ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేసి రాసేవాళ్ళు చాలామంది.

హోస్ట్: ఆ మండలంలో చుక్కల పేర్లన్నీ అరబిక్ కదా?

గెస్ట్: ముఖ్యమైన మూడూ అరబిక్కే. తుబాన్ అంటే పాము. రస్తబాన్‌లో రస్ అంటే తల, తబాన్ అంటే ఆ తుబానే, నోళ్ళలో నలిగి అలా అయింది. ఎల్టానిన్‌లో తిన్నీన్ అంటే మహాసర్పం. లండన్‌లో ఎల్టానిన్ దాదాపు నడినెత్తి మీదుగా వెళ్తుంది. నడినెత్తిన ఉన్న చుక్క వెలుగుని గాలి పక్కకి వంచదు, అందుకే 1725లో ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త జేమ్స్ బ్రాడ్లీ దాన్ని ఎంచుకున్నాడు. నక్షత్రాల దూరం కొలుద్దామని మొదలుపెడితే, చుక్క ఏడాదిలో 40 ఆర్క్‌సెకన్ల (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) మేర అటూ ఇటూ కదిలింది, అదీ అనుకోని దిశలో. భూమి కదులుతుండటం వల్ల వెలుగు వాలి వస్తున్నట్టు కనబడుతోందని 1729లో తేల్చాడు.

హోస్ట్: చైనా డ్రాగన్ ఈ మండలంలో లేదా?

గెస్ట్: లేదు, అది మనకి బాగా తెలిసిన చోటే ఉంది. చిత్త దాని కొమ్ము, జ్యేష్ఠ గుండె, మూల తోక. పూర్వాషాఢ వరకు పరుచుకుని ఉంటుంది.

హోస్ట్: తుబాన్‌ని చూడాలంటే ఎలా? ఒకప్పటి ధ్రువ నక్షత్రం అదే కదా.

గెస్ట్: క్రీ.పూ. 2800 ప్రాంతంలో అదే. భూమి అక్షం 26,000 ఏళ్ళకోసారి బొంగరంలా తిరుగుతుంది కాబట్టి ఆ చోటు మారింది. ఉత్తరార్ధగోళంలో మే, జూన్ నెలల్లో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరం వైపు చూడండి. సప్తర్షుల్లో వసిష్ఠుణ్ణి పట్టుకోండి, పక్కనే అరుంధతి ఉంటుంది. చేయి చాపి పిడికిలి బిగిస్తే సుమారు పది డిగ్రీలు. వసిష్ఠుడి నుంచి ధ్రువుడి వైపు ఒక పిడికిలి కొలిస్తే తుబాన్, ఇంకో పిడికిలి కొలిస్తే కొచబ్ అనే మరో చుక్క. కొచబ్ బాగా వెలుగుతుంది, కన్ను దాని మీదికే పోతుంది, అదే తుబాన్ అనుకుంటారు. తుబాన్ ప్రకాశపు అంకె 3.7, ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసకే, వీధి దీపాలుంటే మాసిపోతుంది. చీకట్లో పావుగంట నిలబడి, వసిష్ఠుడికీ కొచబ్‌కీ నడిమధ్యన చూడండి.