కాటా మీద నిలబడి

(జూన్ 3, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు తిరుపతిలో సైక్లిస్టుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. శాలువా వద్దంటే వినలేదు. జూన్ నెలలో తిరుపతిలో శాలువా కప్పించుకున్నవాడి అవస్థ కప్పినవాళ్ళకేం తెలుస్తుంది!

నాకిచ్చిన అంశం 'సైకిల్ - ఆరోగ్యం'. ఐక్యరాజ్యసమితి 2018లో ఈ రోజును సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. ఆరోగ్యం సంగతంతా డాక్టరుగారు చెప్పేశారు. ఐదు నిమిషాల్లో ముగిస్తానని కార్యదర్శిగారికి మాటిచ్చాను గానీ ముగించలేను, క్షమించాలి. రెండేళ్ళుగా కడుపులో పెట్టుకున్న మాట ఒకటుంది, అది చెప్పి దిగుతాను. నా కాళ్ళ దగ్గరున్న ఈ గోనెసంచిలో ఏముందా అని ముందు వరసలో పిల్లలు తొంగి చూస్తున్నారు. చివర్లో తీస్తాను, ఆగండి.

ఈ ఊళ్ళో కొందరు నన్ను 'కదలని సైకిల్ సార్' అంటారని నాకు తెలుసు. ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పాను, ఆ పేరు ఒక్కటీ నిలబడలేదు, ఇది నిలబడింది! నేనేం సరదాకి ఇంట్లో తొక్కడం మొదలుపెట్టలేదు. చంద్రగిరి రోడ్డులో సాయంత్రం తిరిగొస్తున్నాను. ఎవరో గుంట తవ్వి, ఒక కంపయినా అడ్డం వెయ్యకుండా, దీపం పెట్టకుండా పోయారు. ఎవరు తవ్వారో ఆ పేరు ఇక్కడ ఎత్తను. మెడ కింది ఎముక విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెడకి వేలాడదీసుకున్నాను. ఆ గుంట నేను కోలుకున్నాక కూడా అట్లే ఉంది. వెళ్ళి చూసొచ్చాను లెండి. మధ్యలో తుమ్మ మొక్క కూడా మొలిచింది.

సరే, గుంట సంగతి వదిలేద్దాం.

బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ట్రైనర్ కొని పంపాడు. ధర అడిగితే చెప్పలేదు. తర్వాత బిల్లు దొరికింది, రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. సైకిల్ వెనక చక్రం విప్పేసి ఆ యంత్రానికి బిగిస్తాం. మనం ఎంత బలంగా తొక్కుతున్నామో అది వాట్లలో కొలిచి బ్లూటూత్‌తో కంప్యూటర్‌కి పంపుతుంది. తెర మీద మన బొమ్మ కదులుతుంది. అక్కడ ఎత్తు వచ్చిందంటే ఇక్కడ పెడలు బిగుసుకుంటుంది. ఇంకొకడి వెనక నక్కితే గాలి తగలనట్టు లెక్కవేసి, తక్కువ బలానికే అదే వేగం ఇస్తుంది. ఎవరింట్లో వాళ్ళుండి ఒకరితో ఒకరు పోటీపడి తొక్కడానికి యాప్‌లున్నాయి: జ్విఫ్ట్ 2014లో మొదలైంది, మైవూష్ అయితే డబ్బులు కట్టక్కర్లేదు. ఆ బొమ్మకి మనకి నచ్చిన చొక్కా, టోపీ, గడ్డం పెట్టుకోవచ్చు. గంగమ్మ జాతరలో వేషాలు కట్టిన ఊరివాళ్ళం, మనకిది కొత్తేమీ కాదు.

నాకు నచ్చింది పొట్టి రేసులు. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. క్రిట్ సిటీ అని సుమారు రెండు కిలోమీటర్ల చుట్టు ఉంటుంది, దాని చుట్టూ తిరగడమే. పొడుగు రేసులో ఆలోచించుకోవడానికి, నీళ్ళు తాగడానికి టైముంటుంది. ఇందులో ఉండదు. గంట కొట్టకముందే తొక్కుతూ ఉండాలి. మొదటి నిమిషంలో గుంపు జారిపోయిందంటే ఇంక అది దొరకదు, ఒంటరిగా గాలికి ఎదురు తొక్కుకోవాల్సిందే. రోడ్డు మీదలాగా దిగుడులో కాళ్ళు ఆపి ఊపిరి పీల్చుకుందామంటే కుదరదు, ముందరి నలుగురూ వెళ్ళిపోతారు. మూడు ఫ్యాన్లు పెట్టినా కింద దుప్పటి తడిసిపోతుంది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి 'అభిషేకం అయిందా?' అని అడుగుతుంది. కరెంటు పోతే యుద్ధమే. రౌటరుని, ట్రైనరుని ఇన్వర్టరు మీద పెట్టించాక గానీ ఆ టెన్షన్ తగ్గలేదు.

ఇది ఆటా, పిల్లల వీడియో గేమా అని నవ్వేవాళ్ళకి ఒక్క మాట. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2020 డిసెంబరు 9న దీనికి మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టింది. మగవాళ్ళలో గెలిచింది జర్మనీకి చెందిన జేసన్ ఆస్బర్న్. అతను పడవ నడిపేవాడు! మరుసటేడు టోక్యో ఒలింపిక్స్‌లో రోయింగ్‌లో వెండి పతకం తెచ్చుకున్నాడు. ఆడవాళ్ళలో దక్షిణాఫ్రికాకి చెందిన ఆష్లీ మూల్మన్-పాసియో. 2023లో అయితే ఆ చాంపియన్‌షిప్‌నే ఒక్క రోజులో మూడు పొట్టి రేసులుగా చేశారు. ఆస్ట్రేలియా కుర్రాడు జే వైన్ జ్విఫ్ట్ పోటీలో గెలిచి ప్రొఫెషనల్ జట్టులో చోటు సంపాదించాడు, 2022లో స్పెయిన్ వెళ్ళి వుయెల్టా అనే మూడు వారాల పెద్ద రోడ్డు రేసులో రెండు దశలు గెలిచాడు. ఆ దశలు గదిలో కాదు, కొండల మీద.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. చూడనివ్వండి.

ఈ ఆటలో మన బలాన్ని యంత్రం కొలుస్తుంది, ముఖ్యమైనది ఒకటి మాత్రం కొలవదు. మన బరువు. అది మనమే టైపు చేస్తాం. అంతా దాని మీదే నిలబడి ఉంది. కిలోకి ఎన్ని వాట్లు అన్నదే లెక్క. చాలా ఏళ్ళపాటు వర్గాలు కూడా అట్లే చేశారు: కిలోకి 4 దాటితే ఏ, 3.2 దాటితే బి, 2.5 దాటితే సి, ఆ కిందున్నవాళ్ళు డి. నేను డి. 150 వాట్లు, 74 కిలోలు. భాగించుకోండి, రెండు పైచిలుకు.

మా నాయన చిత్తూరు బెల్లం మండీలో తూకం దగ్గర గుమాస్తా. ప్రతి తూకానికీ ముందు పాసంగం చూసేవాడు. ఖాళీ తక్కెడ సమంగా నిలబడిందా లేదా అని. నాకు ఎనిమిదేళ్ళున్నప్పుడు, సరదాకి, మూటున్న తట్ట మీద బొటనవేలు ఆనించాను. ముల్లు కదిలింది. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మూట దింపించి, పాసంగం చూసి, మళ్ళీ ఎత్తించాడు. దాని ముందు తూచిన మూటని కూడా మళ్ళీ ఎత్తించాడు, దాని మీద కూడా వేలు పెట్టానేమోనని. వెనకాల ఎండలో బళ్ళు బారులు తీరాయి. బండివాళ్ళు నన్నే చూస్తున్నారు. ఆ చూపులు ఇప్పటికీ గుర్తే.

అట్లాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, రెండేళ్ళ కిందట ఒక శనివారం సాయంత్రం, కంప్యూటర్లో 74 కొట్టేసి 68 అని పెట్టాను.

ఎందుకంటారా? కువైట్‌లో పని చేసే నా పాత విద్యార్థి ఒకడు ఆ రేసుల్లోనే తొక్కుతాడు. మనకి రాత్రి ఎనిమిదిన్నర అయితే వాడికి సాయంత్రం ఆరు. డ్యూటీ దిగి వచ్చి తొక్కుతాడు. పదో తరగతిలో నా చేత నానా మాటలు పడ్డవాడు, ప్రతి వారం నన్ను దాటి పోతున్నాడు. దాటేటప్పుడు తెర మీద 'సార్ నమస్తే' అని మెసేజ్ కూడా పెడతాడు. ఆ నమస్తే నాకు గుచ్చుకుంది.

ఆరు కిలోలంటే ఏముందిలే అనుకోకండి. అలిపిరి మెట్లు 3550. ఐదు లీటర్ల నీళ్ళ క్యాను నిండుగా పట్టుకుని ఎక్కి చూడండి, కాళ్ళు చెప్తాయి. అంతకంటే పెద్ద క్యాను నేను ఎవరికీ తెలియకుండా కింద పెట్టేశాను. సైకిల్‌తో కలిపి 83 కిలోలకి బదులు 77. ఆ రోజు రేసు చివర పది నిమిషాల ఎక్కుడు. నిటారు ఎక్కుడులో అది నలభై సెకన్ల దాకా కలిసొస్తుంది. నేను వాణ్ణి గెలిచింది పదకొండు సెకన్లతో. లెక్కల మాస్టారుని, తీసివేత చేసుకోలేనా?

రేసు అయ్యాక వాడు ఫోన్ చేశాడు. 'ఈ వయసులో ఎట్ల సార్! మిమ్మల్ని చూసి నేను రాత్రి అన్నం మానేస్తున్నా' అన్నాడు. మానేశాడు కూడా. తర్వాత తెలిసింది, వాడు మొదటి రోజు నుంచీ కంప్యూటర్లో 92 అని ఉన్నదున్నట్టు పెట్టుకున్నాడు.

పెద్ద పోటీల్లో బరువు తూచుకుంటూ వీడియో తీసి పంపాలి. 2019లో బ్రిటన్ జాతీయ చాంపియన్ ఒకాయన తెర మీది మంచి సైకిల్ కోసం తొక్కకుండానే తొక్కినట్టు చేశాడని పతకం లాక్కుని, ఆరు నెలలు నిషేధించారు. మా డి వర్గంలో ఎవరు అడుగుతారు? అందుకే నా అంతట నేనే చెప్తున్నాను. గుంట తవ్వి దీపం పెట్టనివాడి మీద ఇందాక అంత గొంతు చించుకున్నాను కదా... పోనీలెండి.

వెంటనే 74కి మార్చేశాను. మార్చానని మాత్రం వాడికి చెప్పలేదు. ఆ తర్వాత వాడు గెలిచిన రేసులన్నిటికీ 'సార్‌కి ఒంట్లో బాగా లేదేమో' అనుకున్నాడు.

ఈ సభ ఫేస్‌బుక్ లైవ్‌లో పోతోందని, వాడు చూస్తున్నాడని తెలుసు. బాబూ, ఆ సెల్‌ఫోన్ పట్టుకున్నాయన కొంచెం ముందుకు రావాలి. ఇంకొంచెం. ఇదీ సంచిలో ఉన్నది, మా ఇంటి తూకం మిషను. ముందు ఖాళీగా చూడండి, సున్నా ఉందా? ఉంది. శాలువా తీసేస్తున్నాను, చెప్పులు కూడా. అంకె కనపడుతోందా? గట్టిగా చదువమ్మా... 74.6. ఆ ఆరు వందల గ్రాములు ఇందాక పెట్టిన మైసూరుపాకు, రెండు వడలు.

రాసుకో నాయనా. శనివారం ఎనిమిదిన్నరకి ఇదే పెడతాను.