గుర్రం గేదె కాదు: రోజూ చూసుకోవాల్సిన సంగతులు

[తెరపై: కొట్టంలో పక్కపక్కన కట్టేసిన గేదె, గుర్రం. రెండింటి ముందూ ఒకే పచ్చగడ్డి.]

నమస్తే. ఈ షాట్‌లో ఒక తప్పుంది, చెప్పుకోండి చూద్దాం. కొట్టం శుభ్రంగా ఉంది. తొట్టి నిండా నీళ్ళున్నాయి. గడ్డి పొద్దున కోసిందే. తప్పు ఆ గడ్డిలోనే ఉంది. అది సూపర్ నేపియర్. గేదెకు మంచి మేత. గుర్రానికి నెలల తరబడి అదొక్కటే పెడితే మాత్రం ఎముకలు గుల్లబారతాయి.

మన రెండు రాష్ట్రాల్లో గుర్రాలు తక్కువ, గొడ్లు ఎక్కువ. మలక్‌పేట రేస్‌కోర్సు గుర్రాలకంటే సొంత డాక్టర్లుంటారు, వాటి గొడవ వదిలేద్దాం. బారాత్‌లకు తిప్పే గుర్రం, విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకునే గుర్రం, పాడేరు ఏజెన్సీలో సంతకు సరుకు మోసే గుర్రం, ఫామ్‌హౌస్‌లో సరదాకి కొన్న గుర్రం... వీటిని చూసుకునేది ఎక్కువగా పాడి పశువుల మీద చేయి తిరిగినవాళ్ళే. గేదె దగ్గర పనికొచ్చిన పద్ధతే గుర్రం దగ్గరా వాడతారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

[తెరపై: గేదె కడుపు, గుర్రం కడుపు బొమ్మలు, పక్కపక్కన.]

గేదె గబగబా మేసి, తర్వాత తీరిగ్గా పడుకుని నెమరేస్తుంది. ముందు కడుపులో ఉన్న సూక్ష్మజీవులు మేతను పులియబెట్టి, అందులోని చెడును కూడా చాలావరకు విరిచేస్తాయి. గుర్రానికి నెమరు లేదు. దాని కడుపు ఒంటితో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది అంతే. అందులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, తిన్నా తినకపోయినా. పీచు పులిసేది చివర్లో, పెద్దపేగు దగ్గర. అంటే ఏం పెట్టినా ముందు దాని ఒంటికి పట్టి, ఆ తర్వాతే సూక్ష్మజీవుల దాకా వెళ్తుంది. ఇంకొకటి, గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ఎంత చెడ్డదైనా అటు నుంచి అటే పోవాలి.

అందుకే గుర్రానికి రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి నములుతూ ఉండటమే ఆరోగ్యం. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట తట్టెడు దాణా పోసి మధ్యలో ఖాళీగా కట్టేస్తే కడుపులో పుళ్ళు పడతాయి.

ఎంత గడ్డి? దీనికి ముందు గుర్రం బరువు తెలియాలి. వే బ్రిడ్జి అక్కర్లేదు, దర్జీ టేపు చాలు.

[తెరపై: ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ టేపు. తర్వాత భుజం ముందు ఎముక నుంచి పిర్ర చివరిదాకా.]

ఛాతీ చుట్టుకొలతను అదే అంకెతో హెచ్చవేయండి. దాన్ని ఒంటి పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగించండి. కొలతలు సెంటీమీటర్లలో ఉంటే జవాబు కిలోల్లో వస్తుంది. ఈ గుర్రానికి ఛాతీ 165, పొడవు 150. లెక్కేస్తే దాదాపు 344 కిలోలు. ఎండుమేత రోజుకు బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం, అంటే దీనికి 5 నుంచి 7 కిలోలు. పచ్చిగడ్డిలో నీళ్ళే ఎక్కువ కాబట్టి దాన్ని ఇంకా ఎక్కువ తూకంలో పెట్టాలి. గరిక అయితే చాలా మంచిది. కొంచెం లూసర్న్ అనే పప్పుజాతి మేత కలిపితే ఇంకా మేలు. వరిగడ్డిలో సారం తక్కువ, నీళ్ళు సరిగ్గా తాగని గుర్రానికి అది పేగులో ఉండకట్టి అడ్డుపడుతుంది కూడా. పరుపుగా వేయండి, దాని మీదే బతకమనకండి.

దాణా మాత్రం పనిని బట్టి. ఉలవలు, శెనగలు, ఓట్స్, బార్లీ... ఏదైనా ఒక పూటకు రెండు కిలోలు దాటనివ్వకండి, చిన్న గుర్రమైతే అంతకన్నా తక్కువే. బారాత్ లేని వారం గుర్రం ఖాళీగా నిలబడి ఉంటుంది కదా, ఆ వారం దాణా తగ్గించాలి. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని సామెత. వీడియో చూస్తున్న యజమానులు ఈ ఒక్క సామెతనూ పాటించకుండా ఉంటే మంచిది.

ఇప్పుడు నేపియర్ సంగతి. అందులో ఆక్సలేట్ ఉంటుంది. అది గడ్డిలోని కాల్షియాన్ని గుర్రం ఒంటికి పట్టకుండా బిగించేస్తుంది. గేదె కడుపులో సూక్ష్మజీవులు ఆక్సలేట్‌ను ముందే విరిచేస్తాయి కాబట్టి దానికి ఇబ్బంది రాదు. పైగా మనవాళ్ళు నేపియర్‌తో పాటు తవుడు తడిపి పెడతారు. బియ్యపు తవుడులో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకు పైనే. గుర్రానికి కావలసింది దీనికి తలకిందులు: భాస్వరం కన్నా కాల్షియమే ఎక్కువ ఉండాలి. చాలని కాల్షియాన్ని ఒళ్ళు తన ఎముకల్లోంచే లాక్కుంటుంది. మొదట్లో ఇవాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతుంది. కాలికి బెణికిందనుకుంటారు. పోనుపోను కళ్ళ కింద, ముక్కుకు రెండు పక్కలా ముఖం ఉబ్బుతుంది. పాత రోజుల్లో పిండిమర తవుడు తిని పెరిగిన గుర్రాలకు ఎక్కువగా వచ్చేది కాబట్టి దీన్ని మిల్లర్ల జబ్బు అని కూడా అనేవారు. ముఖం ఉబ్బేదాకా ఆగకండి. నేపియర్ సగానికి తగ్గించి, తవుడు ఆపి, కాల్షియం ఎంత ఇవ్వాలో డాక్టరుని అడగండి.

కంచె వెంట ఏమున్నాయో కూడా ఒకసారి చూసుకోండి. సుబాబుల్ ఆకు తింటే జూలు, తోక వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతాయి. మా దగ్గరికి వచ్చే ఫోన్లలో "గుర్రానికి బట్టతల వస్తోంది సార్" అనేది ఒకటి. నేనడిగే మొదటి ప్రశ్న, "గట్టు మీద సుబాబుల్ ఉందా?" గన్నేరు ఇంకా ప్రమాదం. గుండె మీద పనిచేసే విషం అది, కొద్దిపాటి ఆకులు చాలు. రోడ్డు డివైడర్ల మీద అన్నీ గన్నేరు చెట్లే, బారాత్ ఆగినప్పుడల్లా గుర్రం మూతి ఎటు పోతోందో చూడండి.

ఇక కోళ్ళ దాణా. దీని గురించి గొంతు పెంచే చెప్తాను. కోళ్ళకు కాక్సీడియోసిస్ అనే పేగు జబ్బు రాకుండా దాణాలో మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. కోడి తట్టుకునే మోతాదు గుర్రం గుండె కండరాన్ని పాడు చేసేస్తుంది. విరుగుడు లేదు. కోళ్ళ ఫారం ఉన్న ఇంట్లో గుర్రం ఉంటే ఆ బస్తాల గదికి తాళం పడాలి. ఖాళీ కోళ్ళ దాణా బస్తాలో గుర్రానికి ఉలవలు తేవద్దు.

[తెరపై: గాజు సీసాలో నీళ్ళు, అందులో నాలుగు లద్దె ఉండలు. కుదిపి పక్కన పెడతారు.]

బీచ్ గుర్రాలవాళ్ళకు ఇది. ఇసుకలో పడేసిన గడ్డి తింటే ఇసుక కూడా కడుపులోకి పోయి పెద్దపేగు అడుగున పేరుకుంటుంది. నేలకు తగలని పై ఉండలు తీసుకోండి, నీళ్ళల్లో బాగా కుదిపి పావుగంట ఆగండి. అడుగున చూడండి... ఈ పొర కనిపించిందా? అంతా ఇసుకే. ఇలా కనిపిస్తే గడ్డి తొట్టిలో పెట్టడం ఇవాళే మొదలుపెట్టాలి. ఏమీ కనిపించకపోతే లోపల ఇసుక లేనట్టేనని ధీమాగా ఉండకండి, వారం ఆగి మళ్ళీ చూడండి.

[తెరపై: కాలు ఎత్తి గిట్ట శుభ్రం చేయడం.]

గిట్టల పని చాలావరకు నాడాలు కొట్టే నాల్‌బంద్ చూసుకుంటాడు. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి ఆయన రావాలి, నాడా అరగలేదని వాయిదా వేయొద్దు, గిట్ట పెరుగుతూనే ఉంటుంది. మీరు రోజూ చేయాల్సింది ఇది. ఇంకొంచెం ఎత్తండి భాయ్. కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకు గీకాలి. మధ్యలో మూడు మూలల మెత్తటి భాగం ఉంది చూశారా, దాని రెండు పక్కల గాడుల్లో నల్లగా, కుళ్ళు కంపు కొడుతూ ఏమైనా ఉంటే గిట్ట చివుకుతోందన్నమాట. తడి పరుపు మార్చాలి. గిట్టలు నాలుగూ పట్టుకుని చూడండి. ముందు రెండూ వేడిగా ఉండి, గుర్రం బరువంతా వెనక్కి వేసి నిలబడితే అది ల్యామినైటిస్, అంటే గిట్ట లోపలి వాపు. రాత్రి గింజల బస్తా తెంచుకుని తిన్న గుర్రానికి ఇది ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. తెల్లారి మామూలుగా కనిపించినా సరే, బస్తా ఖాళీ అయిందని తెలియగానే డాక్టరుకి చెప్పాలి.

ఎండల గురించి. బరువు లాగే, మోసే జంతువుల విషయంలో 1965లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం, 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదు. ముళ్ళ కళ్ళెం వాడకూడదన్నదీ అందులోనే ఉంది. బారాత్‌లలో అది ఇంకా కనిపిస్తూనే ఉంది, సిగ్గుపడాల్సిన సంగతి. చెమట పట్టిన గుర్రానికి నీళ్ళు పెట్టకూడదనీ, చల్లనీళ్ళు పోస్తే నరాలు పట్టేస్తాయనీ గుర్రాలను చూసుకునే సైసులు చాలామంది చెబుతారు. రెండూ ఉత్తమాటలే. నీడలోకి తెచ్చి తాగనివ్వండి, ఒళ్ళంతా చల్లనీళ్ళు ఆపకుండా పోయండి. మామూలు రోజుల్లోనే 25 నుంచి 50 లీటర్లు తాగుతుంది, మే నెలలో ఇంకా ఎక్కువ. ఉప్పు రోజుకు సుమారు 30 గ్రాములు. కోస్తా ఉక్కపోతలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉండి రొప్పుతుంటే ఆ రోజు బేరం ఎంత పెద్దదైనా ఒప్పుకోకండి.

జబ్బుల్లో మళ్ళీ గేదె పక్కనే కట్టే విషయం వస్తుంది. సర్రా అనే జబ్బు క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర గుర్రాల, ఒంటెల రక్తంలో కనిపెట్టాడు. జోరీగలు కుట్టి దీన్ని మోసుకొస్తాయి. గేదెలో ఇది పెద్దగా బయటపడకుండానే ఉండిపోతుంది, పక్కనున్న గుర్రానికి ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది. మేత తింటున్నా చిక్కిపోతుంది, పొట్ట కింద, కాళ్ళల్లో నీరు దిగుతుంది. రక్తపరీక్ష చేయించండి. గేదెల పిడుదులకు కొట్టే అమిట్రాజ్ మందు గుర్రానికి కొట్టొద్దు, పేగుల కదలిక ఆగిపోతుంది. ధనుర్వాతం టీకా తప్పనిసరి. గొడ్ల కంటే గుర్రానికి ఆ ప్రమాదం చాలా ఎక్కువ, మేకు గుచ్చుకుంటే చాలు. ముక్కులోంచి చిక్కటి చీము, కాళ్ళ మీద వరసగా గడ్డలు, పుళ్ళు కనిపిస్తే గ్లాండర్స్ అనుమానించాలి. అది మనుషులకూ అంటుతుంది. గుర్రాన్ని విడిగా కట్టేసి, చేతులకు గ్లౌజులు లేకుండా ముట్టుకోకుండా, పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో దీనికి పరీక్షలు చేస్తారు. దాచిపెట్టి అమ్మేయడం నేరం.

[తెరపై: దవడ ఎముక కింది అంచున రెండు వేళ్ళు. పక్కన గడియారం.]

ఇక అసలు భయం, శూల, అంటే గుర్రానికి వచ్చే కడుపునొప్పి. నొప్పి లేనప్పుడే నాడి చూడటం నేర్చుకోండి. దవడ ఎముక కింది అంచున తాడులా ఒక నరం వేలికి జారుతుంది. బొటనవేలు వాడొద్దు. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. ఊరికే నిలబడ్డ గుర్రానికి 28 నుంచి 44 మధ్య ఉంటుంది. ఈ గుర్రానిది 36. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి, తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. ఒంటి వేడి 99 నుంచి 101 ఫారన్‌హీట్ దాకా మామూలే.

ముందుకాలితో నేల గీరుతోంది, డొక్కవైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది, పడుకుని పొర్లుతోంది, లద్దె వేయలేదు. మేత తీసేయండి. వెంటనే డాక్టరుకి ఫోన్. తెలిసినవాళ్ళు లేకపోతే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి చేయండి, గుర్రమని ముందే చెప్పండి. నాడి ఎంత, చిగురు రంగేంటి, ఆఖరిసారి లద్దె ఎప్పుడు వేసింది, నిన్నటి నుంచి మేత ఏం మారింది... ఈ నాలుగూ చెబితే ఆయన ఎంత తొందరగా బయల్దేరాలో ఆయనకే అర్థమవుతుంది. నాడి 60 దాటితే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

గేదెకు చేసినట్టు తల పైకెత్తి వెదురు గొట్టంతో నూనె, వాము కషాయం పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి దిగితే శూల తగ్గినా నిమోనియాతో చస్తుంది. డాక్టరు వేసే గొట్టం ముక్కులోంచి నేరుగా కడుపులోకి వెళ్తుంది, చూడటానికి తేలిగ్గా ఉంటుంది కానీ అది చేయి తిరిగినవాళ్ళ పని. ఇంట్లో ఉన్న నొప్పి ఇంజెక్షన్ కూడా చెప్పకుండా వేయొద్దు. నొప్పి కనబడకుండా పోయి, పేగు మెలిపడిందో లేదో తేల్చడం కష్టమవుతుంది. నెమ్మదిగా నడిపించండి, పరిగెత్తించకండి. అలసిపోయి కదలకుండా పడుకుంటే పడుకోనివ్వండి.

తగ్గాక ఆకలితో సకిలిస్తుంది. జాలిపడి ఆ రాత్రే దాణా పెట్టకండి. ముందు నీళ్ళు, లద్దె వేశాక గుప్పెడు గుప్పెడుగా మెత్తటి గడ్డి. గింజల సంగతి డాక్టరు సరే అన్నాకే.