ఆవ పెట్టిన కూర హోటల్లో ఎందుకు అరుదు

సభకు నమస్కారం.

ఇంటి వంట గొప్పదా, బయటి తిండి రుచా అన్న వాదన విశాఖలో ఏ నలుగురు కూర్చున్నా వస్తుంది. దానికి తీర్పు చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఒకదాని పని రెండోదానితో చేయించబోయి మనం రెండింటినీ పాడుచేసుకుంటున్నామన్నదే నా ఫిర్యాదు. స్నేహితులతో హోటల్‌కు వెళ్ళి పప్పు, బెండకాయ వేపుడు తెప్పించుకుంటాం. అదే స్నేహితులు ఇంటికి వస్తే నాన్, పన్నీర్ బటర్ మసాలా చేయబోతాం. రెండు పూటలా నిరాశే.

నాన్ సంగతి చూడండి. తందూరు లోపలి వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఆ మట్టి గోడకు కొట్టిన పిండి కాసేపట్లోనే పొంగి, పైన అక్కడక్కడా మాడి, లోపల మెత్తగా ఉండిపోతుంది. ఇంటి పొయ్యి మీద పెనం అంత వేడెక్కదు. పిండి కాలేలోపు అందులో తడి ఆరిపోయి రొట్టె అట్టముక్క అవుతుంది. దోశ కూడా అంతే. హోటల్లో వాడేది మందపాటి ఇనుప పలక. పిండి పడగానే దాని వేడి తగ్గదు. పైగా ఉదయం నుంచీ ఒకే చెయ్యి అదే పని చేస్తూ ఉంటుంది. బయటికి వెళ్ళినప్పుడు మనం డబ్బు ఇవ్వవలసింది ఆ నిప్పుకు, ఆ చెయ్యికి. బిర్యానీ, కబాబు, దోశ, పూరీ, పెద్ద బాణలిలో వేగే మిరపకాయ బజ్జీ, ఇవన్నీ హాయిగా బయట తినండి.

ఇక ఇంటి సంగతి. ఉత్తరాంధ్ర వంటకు ఆనవాలు ఏదంటే నేను ఆవ అంటాను. పనసపొట్టు, అరటికాయ, కంద, వీటిలో దేనికైనా చివర్న ఆవ పెట్టడం మన వాళ్ళకు తెలిసిన విద్య. ఆవగింజను పొడిగా కొరికితే మొదట ఘాటు ఉండదు. గింజలో ఒక ఎంజైమ్ ఉంది, పేరు మైరోసినేస్. గింజ నలిగి, తడి తగిలితేనే అది పని మొదలుపెట్టి ముక్కులోకి కొట్టే ఆ ఘాటును పుట్టిస్తుంది. మరీ వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, పుట్టిన ఘాటూ ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. అందుకే పెద్దవాళ్ళు నానబెట్టిన ఆవాలు, ఎండుమిరపకాయలు, ఉప్పు కలిపి నీళ్ళు చిలకరిస్తూ నూరి, పొయ్యి ఆపి, కూర కాస్త చల్లారాక కలిపేవారు. ఆ లెక్క వాళ్ళకు చేతిలో ఉండేది.

ఇలా కలిపిన కూరను ఆ పూటే తినాలి. గంటలు గడిచేకొద్దీ ఘాటు పలచబడి చేదు పైకి తేలుతుంది. హోటల్ వంటగదిలో కూర మధ్యాహ్నం మొదలు రాత్రి దాకా వేడి పాత్రలో ఉండాలి. ఆవ పెట్టిన కూర అక్కడ బతకదు. కొన్ని భోజన హోటళ్ళు పనసకాలంలో పెడతాయి, కాదనను, కానీ నాకు ఎదురైనవి చాలావరకు ఆవ పేరు చెప్పుకున్న పోపు కూరలే. సింహాచలం కొండల పనస బజారులోకి వచ్చాక పొట్టు కొట్టి అమ్మేవారు కనిపిస్తారు. ఇంట్లో కొట్టదలచుకుంటే ముందు కత్తికీ చేతులకూ నూనె రాసుకోండి, పనస జిగురు సబ్బుకు లొంగదు. పొట్టును ఉడికించి, గట్టిగా పిండి, సెనగపప్పు, మినప్పప్పు, ఇంగువ పోపులో వేసి, చింతపండు పులుసుతో మగ్గించి దించి, కాస్త చల్లారాక నూరిన ఆవ కలపండి. స్నేహితుల్ని భోజనానికి పిలిస్తే ఇది చేయండి. పన్నీరుకు వాళ్ళు హోటల్‌కే వెళ్ళగలరు.

స్నేహితులంటే మన ఊళ్ళో అందరూ తెలుగువాళ్ళే కానవసరం లేదు. నౌకానిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం, తూర్పు నౌకాదళం, వీటివల్ల దేశం నలుమూలల వాళ్ళూ ఇక్కడ కాపురాలు పెట్టారు. ఉక్కునగరం క్వార్టర్లలో ఒక మెట్ల వరుసలోనే మూడు రాష్ట్రాల పోపు వాసనలు వస్తాయి. ఆ వంటలు బోర్డు కట్టిన హోటళ్ళలో దొరికేవి తక్కువ. ఒడియా ఇంట్లో పప్పూ కూరగాయలూ కలిపి వండే దాల్మా, మన చద్దన్నానికి తోబుట్టువైన పఖాళ, ఆవ ముద్దతో చేసే బేసర తినాలంటే ఒక ఒడియా స్నేహితురాలు ఉండాలి. బెంగాలీలు ఆవ ముద్దలో హిల్సాను వండుతారు. సముద్రం నుంచి గోదావరికి ఎదురీది వచ్చాక మనం పులస అని ప్రాణం పెట్టేది ఆ చేపనే. విశాఖ నుంచి కోల్‌కతా దాకా ఈ తీరమంతా ఆవ నూరుతూనే ఉంది. పొరుగింటి బల్ల దగ్గర కూర్చుంటేనే మనకు ఆ చుట్టరికం తెలుస్తుంది.

చేప మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రోజుల్లో వేసవి సెలవులకు వచ్చిన చుట్టాలు ‘తాజా వంజరం’ అన్న బోర్డు చూసి సంబరపడుతుంటారు. అది మంచులో దాచినదో, వేరే తీరం నుంచి లారీలో వచ్చినదో అయ్యే అవకాశమే ఎక్కువ. మరలేని సంప్రదాయ తెప్పలకు నిషేధం లేదు, వాటి చిన్న చేపలు దొరుకుతాయి. నెత్తళ్ళు దొరికిన రోజు వంజరం కోసం ఏడవకండి. వేపుడు హోటల్లో బాగుంటుంది. పులుసు మాత్రం ఇంట్లోదే, అదీ మర్నాటిదే.

అరకు బొంగు చికెన్ గురించి అడుగుతారని తెలుసు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె అక్కర్లేదు, ముక్కలోని నీరూ వెదురు తడీ చాలు. వెదురు ముదిరితే ఆ తడి ఉండదు. నగరంలో ఇది చాలాచోట్ల దొరుకుతోంది, తినండి. వీలైతే అరకు రోడ్డు పక్కనే తినండి. మాడుగుల హల్వా మాత్రం ఎక్కడ తిన్నా ఫరవాలేదు. గోధుమల్ని నానబెట్టి, రుబ్బి, తీసిన పాలతో చేసే ఆ హల్వా చాలా రోజులు నిలవ ఉంటుంది. 2022లో జిల్లాలు విడిపోయి మాడుగుల అనకాపల్లి జిల్లాలోకీ, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకీ వెళ్ళాయి. మన నాలుక ఆ విభజనను గుర్తించినట్టు లేదు.

నలుగురూ కలిసి ఎక్కడ తినాలి? కబుర్లు కావాలనుకుంటే భోజన హోటల్‌కు వెళ్ళకండి. విస్తరి ముందు కూర్చున్నాక వడ్డించే ఆయన సాంబారు అంటాడు, రసం అంటాడు, పెరుగు అంటాడు. మీ స్నేహితుడు ఉద్యోగం పోయిన సంగతి సగం చెప్పేసరికి అప్పడం వస్తుంది. భోజన హోటల్ ఆకలికి. మాటలకు రామకృష్ణా బీచ్ ఉంది. మురీ మిక్చర్ పొట్లం చేతిలో ఉంటే ఎవరూ లెమ్మనరు. మరమరాల్లో ఉల్లిపాయ, వేరుశనగలు, కారం, నిమ్మరసం కలిపి ఆ క్షణానే ఇస్తారు. అయిదు నిమిషాలు ఆగితే మెత్తబడుతుంది కాబట్టి ఫొటోలు తరవాత తీసుకోండి. పక్కనే టమాటా బజ్జీ కూడా ఉంటుంది, మధ్యకు చీల్చి ఉల్లిపాయ కూరినది.

చివరగా బిల్లు. సర్వీస్ ఛార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలో హోటళ్ళకు చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆ వరుస కనిపిస్తే తీసేయమని మర్యాదగా అడగండి, వడ్డించిన మనిషికి మీరు ఇవ్వదలచింది చేతికే ఇవ్వండి. ఇక ఎవరు చెల్లించాలన్న కుస్తీ. నా వయసు వాళ్ళు కౌంటర్ దగ్గర ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లాక్కుంటారు. పిల్లలు ఫోన్లో సమానంగా పంచేసుకుని బయటికి వచ్చేస్తారు. నేను పిల్లల పక్షమే, చిన్న సవరణతో. పెరుగన్నం తిన్నవాడి మీద రొయ్యల వేపుడు వాటా వేయకండి.

మీరు ఏమైనా అడగదలచుకుంటే అడగండి.